ఉప్పునీళ్ల వాగు

మా నాయిన దుబాయి క్రీక్‌ను వాగు అనేటోడు. "ఆ వాగు ఒడ్డుకు మూడేండ్లు బస్తాలు మోసిన బిడ్డా" అని చెప్పేటోడు. చిన్నప్పుడు అది మా ఊరి వాగు లాంటిదే అనుకునేవాణ్ణి. ఎండాకాలం ఇసుక, వానాకాలం ఎర్రనీళ్లు, ఎగువన ఊరోళ్ల రేవు, దిగువన మా రేవు. అది సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ అనీ, దాని రెండు ఒడ్డుల మీది రేవే పెరిగి దుబాయి పట్నం అయిందనీ బడిపంతులునై అట్లాసు ముందేసుకున్నంక తెలిసింది.

మాది కోరుట్ల దగ్గరి ఒక ఊరు. సరిగ్గా చెప్పాలంటే ఊరు కాదు, ఊరి చివరి మాదిగవాడ. జగిత్యాలలో డిగ్రీ చదివాను. డీఎస్సీలో ఉద్యోగమొచ్చి సిరిసిల్ల దిక్కు ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తున్నాను. మా ఇంట్ల డిగ్రీ మొఖం చూసిన మొదటి మనిషిని. 2025 సంక్రాంతి సెలవుల్లో దుబాయి పోయి వచ్చాను. పర్మిషన్ కాగితం కోసం తిరుగుతుంటే ఒకాయన "సర్కారు నౌకరి పెట్టుకొని దుబాయి ఎందుకయ్యా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా దిక్కు దుబాయి అంటే పనికి పోవుడే. దుబాయి చూడ పోవుడు అనే మాట మా వాడలో ఇంతకు ముందు పుట్టలేదు.

మా అక్క మొగుడు అక్కడ డ్రైవర్. ఆయనే ఆదివారం పొద్దున క్రీక్ ఒడ్డున జరిగే 'హెరిటేజ్ వాక్'కు నా పేరు రాయించిండు. "నువ్వు చరిత్ర సారువు గద బామ్మర్దీ, పోయి చూసి రా. నేను పన్నెండేండ్ల సంది ఉంటున్న గని ఆడ సవారీలను దింపుడే, లోపటికి పోలె" అన్నడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి అవతలి ఒడ్డున, డేరాలో కలుస్తనన్నడు.

పది పన్నెండు మందిమి. ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం, మిగతా దేశాలవాళ్లు. గైడు ఆ దేశపు కుర్రాడే, తెల్లని నిలువు అంగీ, మర్యాదైన మాట. నడక అల్ సీఫ్ దగ్గర మొదలైంది. అల్ సీఫ్ పాతది కాదు, 2017లో తెరిచారు. కానీ సగభాగం పాత ఊరిలాగా కట్టారు. గోడలకు పెచ్చులూడినట్టు పూత పూశారు. తలుపులకు తుప్పు పట్టినట్టు రంగు వేశారు. కప్పుల మీద తాటాకు, దాని కింద కాఫీ దుకాణాలు. అందరూ ఫొటోలు దిగుతున్నారు. నిజంగా పెచ్చులూడిన గోడలు మా వాడలో కావలసినన్ని ఉన్నాయి. ఇండ్ల స్కీము సర్వేకు వచ్చినోళ్లు తప్ప వాటిని ఎవరూ ఫొటో తీసింది లేదు.

అక్కణ్ణుంచి నీళ్ల వెంట నడిస్తే అల్ ఫహీదీ వస్తుంది. పాతపేరు బస్తకియా. ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చిన వర్తకులు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ ఇండ్లు కట్టుకున్నారు. పగడపు రాయి, జిప్సం, మీద నాలుగు దిక్కుల గాలిని పట్టి ఇంట్లోకి దింపే గాలిగోపురాలు. కరెంటు లేని కాలంలో ఆ గోపురం కింద కూర్చున్నవాడికి సముద్రం గాలి తగిలేది. 1980ల్లో ఇందులో సగాన్ని కూలగొట్టారు. మిగతా సగం కూడా పోవలసిందే, కానీ కొందరు వాస్తుశిల్పులు పట్టుబట్టారు, 1989లో బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చి చూసి బాగుందన్నాడు. ఆ సగం నిలిచింది. తర్వాత బాగుచేసి మ్యూజియంలు, హోటళ్లు పెట్టారు. ఇంకా చాలక పక్కన అల్ సీఫ్ కట్టారు.

ఒక గాలిగోపురం కింద నిలబడ్డప్పుడు హైదరాబాద్ ఆయన నన్ను పలకరించాడు. తెలుగువాడినని తెలిసి సంతోషపడ్డాడు. ఏ ఊరు, ఏం చేస్తారు అయినంక "ఇంటిపేరేంటండీ?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. బళ్లో చేరిన మొదటిరోజు స్టాఫ్ రూములో చాయ్ గ్లాసు చేతికి రాకముందే వచ్చిన ప్రశ్న అది. అరేబియా సముద్రం దాటివచ్చినా అది నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. చెప్పాను. ఆయన ఒక క్షణం ఆగి "మరి దుబాయి ఎందుకు..." అన్నాడు. మా నాయిన ఒకప్పుడు ఇక్కడ పనిచేశాడని చెప్పాను. "ఏం చేసేవారండీ?"

"షిప్పింగ్‌లో చేసేవారు" అన్నాను.

మా నాయినను నేను పుట్టి బుద్ధెరిగినంక ఎప్పుడూ 'చేసేవారు' అనలేదు. ఆయన చేసిండు, మోసిండు, ఉరికిండు. ఆ ఒక్క మాటలో భాషా మార్చాను, పనీ మార్చాను. నా క్లాసులో అంబేడ్కర్ ఫొటో నేనే పెట్టించాను. ఏప్రిల్ 14న మైకు పట్టుకొని ఆత్మగౌరవం గురించి మాట్లాడేది కూడా నేనే. ఆయన "ఓహో, మంచి కంపెనీయా?" అన్నాడు. తల ఊపాను.

ఈ తర్వాత గైడు చెప్పిన రెండు మూడు సంగతులు సరిగ్గా వినలేదు. బట్టల బజారు దగ్గర మళ్లీ చెవులు తెరుచుకున్నాయి. అక్కడి దుకాణాలు చాలావరకు సింధీలవి, గుజరాతీలవి. 1966 దాకా ఈ తీరంలో నడిచింది మన రూపాయే అని గైడు చెప్పాడు. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రూపాయి నోట్లు అచ్చువేసింది. 1959లోనే, పూడిపోతున్న ఈ పాయను తవ్వించడానికి దుబాయి పాలకుడు షేక్ రషీద్ కువైట్ దగ్గర అప్పు తెచ్చాడు. 1961 నాటికి పెద్ద పడవలు లోపలికి రావడం మొదలైంది. నూనె దొరికింది ఆ తర్వాత, 1966లో. అంటే దుబాయిని ముందు నిలబెట్టింది ఈ రేవు. 1960ల్లో బంగారం దొంగతనంగా బొంబాయి తీరానికి పోయింది కూడా ఇక్కడి నుంచే. అది చెప్పేటప్పుడు అందరూ నవ్వారు. పెద్దోళ్ల దొంగతనం ఎన్నాళ్లకైనా ముచ్చటగానే ఉంటుంది.

ఇంకొంచెం నడిస్తే షిందఘా. పాయ సముద్రంలో కలిసే మూతి దగ్గర, పాలకుల పాత పేట. 1896లో కట్టిన పాలకుడి ఇల్లు ఉంది. చుట్టూ ఉన్న పాత ఇండ్లన్నీ కలిపి ఇప్పుడు ఒకే మ్యూజియం. ఒక ఇంట్లో క్రీక్ కథ, ఒక ఇంట్లో అత్తర్లు, ఒక ఇంట్లో నగలు, ఒక ఇంట్లో సముద్రం మీద బతుకు. చల్లని గదులు, గోడల మీద సినిమాలు. బాగుంది. బాగుందన్నది దాచను.

నన్ను నిలబెట్టింది ముత్యాలకు దిగేవాళ్ల సామాను. ముక్కు మూసుకొనే చిన్న పట్కారు, కాలికి కట్టుకొనే రాయి, మెడకు వేసుకొనే అల్లిన సంచి, వేళ్లకు తొడుక్కొనే తోలు తొడుగులు. ఆల్చిప్పలు కోయకుండా ఆ తోలు. మా తాత చెప్పులు కుట్టిండు, దొర బావికి మోట బొక్కెన కుట్టిండు. తోలు కనబడితే ముందు కుట్టు చూసే కన్ను మాది. ఆ తొడుగులు ఎవరు కుట్టారో అక్కడ రాసిలేదు.

ఎండాకాలం నాలుగు నెలలు ఈ తీరం మగవాళ్లు పడవల మీద ఉండేవారు. దిగేవాడు ఘైస్, తాడు పట్టి పైకి గుంజేవాడు సైబ్, పడవ పెద్ద నఖుదా. పోయేముందు నఖుదా అడ్వాన్సు ఇచ్చేవాడు, ఇంట్ల పెండ్లాం పిల్లలు తినేది ఆ పైకంతోనే. నఖుదాకు దాన్ని వర్తకుడు ఇచ్చేవాడు. సీజన్ చివర ముత్యాలు అమ్మి లెక్క చూస్తే దిగినోడి వాటా అప్పుకే చెల్లు అయ్యేది, ఇంకా కొంత మిగిలేది. మిగిలినదాన్ని తీర్చకుండా వేరే నఖుదా పడవ ఎక్కరాదు. మనిషి చనిపోతే అప్పు కొడుకు మీద పడేది. లెక్క రాసేది పైవాడు, చదువు రానిది కిందివాడికి.

ఇది నాకు ఎవరూ వివరించనక్కరలేదు. మా తాత తన పెండ్లికి దొర దగ్గర వడ్లు, కొంత రొక్కం తెచ్చిండు. ఆ బాకీ కింద జీతమున్నడు. ఏటా ఉగాదికి లెక్క చూస్తే బాకీ పెరిగేదే గని తరిగేది కాదు. ఇంకో దొర ఎక్కువ ఇస్తానన్నా ఈ బాకీ కట్టందే గడప దాటరాదు. మా నాయినకు పదకొండేండ్లు రాంగనే పసులకాడ పెట్టిండ్రు. తండ్రి అప్పు కొడుకు నెత్తిమీదికి రావడానికి మా ఊళ్లో సముద్రం అవసరం పడలేదు.

ఈ రెండు ఊళ్ల నడుమ ఒక దారం కూడా ఉంది. హైదరాబాద్ ముత్యాల నగరమని మేము పిల్లలకు చెప్తాం. ఆ పేరుమోసిన బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లలోనివే. నిజాం నగల్లో సత్లడా అనే ఏడు పేటల ముత్యాల హారముంది. 1995లో ఆ నగలన్నిటినీ భారత ప్రభుత్వం 218 కోట్లు పెట్టి కొన్నది. ముత్యం కోసం ఇక్కడ నీళ్ల అడుగుకు దిగినోడు అప్పులో ఉన్నాడు. దాన్ని కొనే ఖజానాకు పన్నులు కట్టిన మా ఊళ్లో, మా తాత తండ్రి వెట్టిలో ఉన్నాడు. దొర కూతురు అత్తగారింటికి పోతే మంచం వెంట ఉరికిండు, ఊరు ఊరుకూ కబురు మోసిండు, ఊళ్లోకి అధికారి వస్తే గుర్రానికి గడ్డి వేసిండు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

దిగినవాళ్లలో బానిసలు కూడా ఉన్నారు. తూర్పు ఆఫ్రికా నుంచి, బెలూచిస్తాన్ నుంచి పట్టుకొచ్చి అమ్మినవాళ్లు. వాళ్ల సంపాదన యజమానికి పోయేది. కొందరు షార్జాలోని బ్రిటిష్ ఏజెంటు దగ్గరికి పారిపోయి విముక్తి పత్రం తెచ్చుకున్నారు. పక్కనున్న ఖతార్‌లో, దోహాలో, బానిసత్వం మీద 2015లో ఒక మ్యూజియమే తెరిచారు. ఇక్కడ నేను చూసిన గదుల్లో దిగినోడి ధైర్యం ఉంది, పాట ఉంది, తాడు ఉంది. బాకీ లెక్క ముందుకొచ్చి నిలబడలేదు.

గైడును అడిగాను. నా ఇంగ్లీషు గొప్పది కాదు, అయినా అడిగాను. వాళ్లు అప్పు ఎట్ల తీర్చేవారు? ఆ కుర్రాడు కాసేపు నన్ను చూశాడు. మిగతావాళ్లు అత్తర్ల ఇంటి దిక్కు కదిలాక నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ముత్తాత దిగేవాడట. ఆయన బాకీ తాత మీద పడిందట. జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి, 1930ల్లో ప్రపంచమంతా మాంద్యం పడి, ముత్యాల బేరమే కూలిపోయింది. ఆ బాకీ ఏమైందో వాళ్లింట్లో ఎవరూ మాట్లాడరట. చెప్పి మళ్లీ గైడు గొంతు తెచ్చుకొని అందరినీ పిలిచాడు. అతని మీద నాకున్న కోపం అక్కడ చల్లబడింది. వాడూ నాలాగే సగం చెప్పి బతుకుతున్నాడు.

మా బాకీ ఏమైందో మాత్రం నాకు తెలుసు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మా తాతకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 1978లో సంఘాలు వచ్చినయి. ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. మా నాయినకు పదిహేనేండ్లు. దొర పసులను కొట్టంల కట్టేసి వాడోళ్లతోని జగిత్యాల నడిచిపోయిండు. "జీతగానిగ పుట్టినంక పసులను అడగకుంట ఒక దినమంత బయట ఉన్నది అదే మొదలు" అంటడు. పాలేర్లు జీతాలు పెంచమని సమ్మె చేసిండ్రు, వెట్టి బందయింది, చాలామంది దొరలు గడీలకు తాళమేసి పట్నం పోయిండ్రు. అక్టోబర్ 20న సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగినయి. మా వాడ మగోళ్లు రాత్రిపూట చెలకల్లో పండుకున్నరు. జీతం పోయింది, మర్యాద కొంత వచ్చింది, భూమి మాత్రం రాలేదు. భూమి రానోడు బొంబాయి బాట పట్టిండు, అక్కణ్ణుంచి దుబాయి. పోరాటాల చరిత్ర రాసినోళ్లు ఈ చివరి వాక్యాన్ని చాలాసార్లు రాయరు.

నాయిన 1992లో పోయిండు. బొంబాయి ఏజెంటుకు నలభై వేలు. నూటికి మూడు రూపాయల మిత్తి. ఇచ్చింది ఎవరో కాదు, పట్నం పోయిన దొర మనుమడే. తోటపని అని చెప్పిండ్రు. దిగంగనే పాస్‌పోర్టు గుంజుకొని ఎడారిలో పైపులైన్ల పనికి తోలిండ్రు. ఐదు నెలలు జీతమియ్యలేదు. ఆరో నెల ఉరికిండు. ఉరికినోణ్ణి అక్కడ మనోళ్లు 'కల్లివల్లి' అంటరు. కాగితం లేదు, ఖఫీల్ లేడు, పోలీసు కనబడితే సందు చూసుకోవాలె. అట్లాంటోళ్లకు పని దొరికే జాగా ఈ వాగు ఒడ్డు.

గైడు నడక షిందఘాలోనే ముగిసింది. అందరూ చప్పట్లు కొట్టి ఫొటో దిగారు. నేను ఒక్కణ్ణే వెనక్కి వచ్చి ఒక దిర్హం ఇచ్చి అబ్రా ఎక్కాను. అబ్రా అంటే నడుమ బల్ల ఉన్న చిన్న మోటారు పడవ. ఐదు పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. నాయిన మూడేండ్లు చూసిన నీళ్లు అవే. ఆయన ఈ పడవ చాలా తక్కువసార్లు ఎక్కిండట. దిర్హం మిగుల్తదని కాదు, దిగేకాడ పోలీసులుంటరని.

డేరా ఒడ్డున లాంచీలు ఆగి ఉన్నాయి. వెనకటంత లేవు. పెద్ద ఓడలకు 1972లో పోర్ట్ రషీద్, 1979లో జబల్ అలీ వచ్చాక ఈ ఒడ్డు కట్టె లాంచీలకు మిగిలింది. ఇప్పుడు అవి కూడా తగ్గాయి. ఉన్నవాటి ముందు టైర్లు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు, కార్టన్లు ఒడ్డుమీద కుప్పలుగా ఉన్నాయి. ఇరాన్ పోయేవి, సోమాలియా పోయేవి. టూరిస్టులు వాటిని కూడా ఫొటో తీస్తున్నారు. ఒడ్డు నుంచి లాంచీకి ఒక చెక్క. దాని మీది నుంచి నెత్తిన బస్తాతో ఒకడు పోతున్నాడు.

బావ వచ్చిండు. ఇద్దరం గట్టు మీద కూర్చొని నాయినకు వీడియో కాల్ చేసినం. మంచంలనుంచి లేచి కూసున్నడు. నడుము నొప్పి ఆయనకు ఈ ఒడ్డు ఇచ్చిందే. ఫోన్ తిప్పి చూపించిన. ఆయన ఇండ్లను గుర్తుపట్టలేదు. నీళ్లను గుర్తుపట్టిండు.

"మసీదు పక్కన నల్లా ఉండె బిడ్డా. ఆడనే తాగేది, ఆడనే తానం. ఉన్నదా?"

చూసిన. కనబడలేదు. ఏ మసీదో కూడా తెల్వదు.

"ఇప్పుడు బస్తాకెంత ఇస్తుండ్రో అడుగు."

బావ హిందీలో అడిగిండు. ఆ మనిషి చెమట తుడుచుకుంటూ నెల జీతమని చెప్పిండు. నాయిన ఫోనులోంచే "కాగితాలున్నయా ఆయనకు?" అన్నడు. ఉన్నయన్నడు. "అయితే మంచిదే" అని కాసేపు ఊకున్నడు.

నాయిన 1996లో వచ్చిండు. ఆ ఏడు అక్కడి సర్కారు కాగితాల్లేనోళ్లకు క్షమాభిక్ష ఇచ్చింది. ఔట్‌పాస్ తీసుకొని ఒక కంబలి, ఒక టార్చిలైటు, రెండు టైగర్ బాం డబ్బాలతోని ఇల్లు చేరిండు. మ్యూజియంలో విముక్తి పత్రం గురించి తలచుకున్నప్పుడు నాకు ఆ ఔట్‌పాసే గుర్తొచ్చింది. రెండూ ఒకటని నేను వాదించను. మా నాయిన తనంత తాను విమానమెక్కిండు, ఆయనను ఎవరూ అమ్మలేదు. కానీ పనిచేసినోడు పోవడానికి ఇంకొకడి సంతకం కావాలన్నది రెండింట్లోనూ ఉంది. బాకీ తీరడానికి ఇంకా తొమ్మిదేండ్లు పట్టింది. అక్క బీడీలు చుట్టింది, అవ్వ నాట్లకు పోయింది.

ఇంకొక సంగతి నాయిన ఎప్పుడో తాగినప్పుడే చెప్తడు. డేరా రూములో పద్నాలుగు మంది. మా ఊరి ఆధిపత్య కులపాయన ఒకడు ఆయన పక్క మంచమే. అతనూ కల్లివల్లే. ఇద్దరూ ఒక్క తలెల తిన్నరు. జరమొస్తే అతని కాళ్లు నాయిన ఒత్తిండు, నాయినకు జరమొస్తే అతను గంజి కాచి తాపిండు. ఇద్దరూ ఒక్క విమానంలనే వచ్చిండ్రు. రెండేండ్లకు అతని బిడ్డ పెండ్లి. ఊరంతటికీ బొట్టు పెట్టి చెప్పిండ్రు. మా ఇంటికి సుంకరి వచ్చి "డప్పులు పట్టుకొని రమ్మన్నడు" అని చెప్పి పోయిండు. నాయిన పోయిండు. కొట్టిండు. పందిరి అవతల ఆకు వేస్తే తినకుంట వచ్చిండు. అతను చూసి తల తిప్పుకున్నడట. నాయిన అతన్ని తిట్టడు. "రూముల మంచోడే" అంటడు. దీనికి ఏం సమాధానం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వచ్చి బళ్లో కాకతీయుల పాఠం చెప్పాను. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. చందనానికి, కర్పూరానికి, ముత్యాలకు, పట్టుకు ఎంత సుంకమో అందులో రాసి ఉంది. ఏటా చెప్పే పాఠమే. ఈసారి, వాటిని ఓడల నుంచి దింపినవాళ్లు ఎవరు అని అడిగాను. పిల్లలు చూస్తూ ఉండిపోయారు.

ఆ వారమే పిల్లల వివరాల ఫారాలు నింపే పని పడింది. తండ్రి వృత్తి అన్న గడిలో కొందరు సాంచాల పని అని రాశారు, కొందరు కూలి అని. ఐదుగురు 'దుబాయి' అని రాశారు. ఒకమ్మాయి నాన్న ఉన్నది మస్కట్‌లో, ఆ అమ్మాయి కూడా దుబాయి అనే రాసింది. దుబాయి ఊరు గదమ్మా, అక్కడ నాన్న ఏం పని చేస్తడు అని అడిగాను. తల వంచుకుంది. ఆ తల వంచుడు నాకు తెలుసు. గాలిగోపురం కింద నేను చేసింది అదే.

"మా నాయిన దుబాయిల బస్తాలు మోసిండు" అని క్లాసులో అన్నాను. ఇన్నేండ్ల నౌకరిలో ఆ మాట బళ్లో అనడం మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్లగాడు చెయ్యెత్తాడు.

"సార్, ఒక్క బస్తా ఎన్ని కిలోలు?"

యాభై కిలోలు అన్నాను. నాయిన చెప్పిన లెక్క అది. వాడు నోటుబుక్కులో రాసుకొని, రోజుకు ఎన్ని బస్తాలు అని మళ్లీ అడిగాడు. అది నాకు తెలియదు, ఇంటికి పోయి అడిగి చెప్తనన్నాను.